ఇంజినీరింగులో పరిశోధన అవకాశాలు: అడిగితేనే అందుతాయి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు మేము ముగ్గురం కూర్చుని ఆలోచించాం. మాలో ఒకరు మెకానికల్, ఒకరు సివిల్, బాలికల హాస్టల్లో చదివిన మా చెల్లెలు కంప్యూటర్ సైన్స్. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో మాకు ఎవరూ చెప్పని సంగతి ఏమిటి అని లెక్క వేసుకున్నాం. ఎంసెట్ గురించి చెప్పారు (ఇప్పుడు అది ఈఏపీసెట్ అయింది). ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి చెప్పారు. క్యాంపస్ సెలెక్షన్ల గురించి చెప్పారు. కానీ బి.టెక్. చదువుతుండగానే వేసవిలో పెద్ద సంస్థల ల్యాబుల్లో, ప్రొఫెసర్ల దగ్గర రెండు నెలలు పరిశోధన పని చేయవచ్చని, కొన్నిచోట్ల వాళ్లే స్టైపెండ్ కూడా ఇస్తారని ఎవరూ చెప్పలేదు. మూడో సంవత్సరంలో పక్క బెంచీ కుర్రాడి ద్వారా తెలిసింది. వాళ్ల మామయ్య ఒక యూనివర్సిటీలో లెక్చరర్. మనకు అలాంటి మామయ్యలు లేరు కదా! ఆ లోటు ఈ నాలుగు పేజీలతో కొంతైనా తీరాలని మా కోరిక.

పరిశోధన అంటే ఏమిటి?

తెల్లకోటు వేసుకున్న పెద్దవాళ్లు చేసే పని, మనకు సంబంధం లేదు అని మేమూ అనుకునేవాళ్లం. 2020 డిసెంబరులో ఏలూరులో జరిగింది గుర్తు చేసుకోండి. 5వ తేదీ నుంచి జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు. అంతుచిక్కని జబ్బు అన్నారు. ఢిల్లీ ఎయిమ్స్ రక్త నమూనాలు పరీక్షించి వాటిలో సీసం, నికెల్ ఉన్నాయని చెప్పింది. హైదరాబాదు నుంచి జాతీయ పోషకాహార సంస్థ, సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. నిపుణులు వచ్చారు. నీళ్లు, పాలు, కూరగాయల నమూనాలు తీసుకెళ్లారు. పురుగుమందుల అవశేషాల మీదా అనుమానం వచ్చింది. మనవాళ్లకు ఏమైందో తెలుసుకోవడానికి అంత దూరం నుంచి మనుషులు, యంత్రాలు రావలసి వచ్చింది. ఆ యంత్రాల ముందు కూర్చున్నవాళ్లలో మన హాస్టళ్ల పిల్లలు ఎందరున్నారు అన్న ప్రశ్న మాకు అప్పుడే పుట్టింది.

ఇంకొక ఉదాహరణ. 1895లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. అమెరికా వెళ్లాక ఖర్చుల కోసం ఆసుపత్రిలో చిన్నచిన్న పనులు చేస్తూ చదివారు. ఆయనకు పేరు తెచ్చిన మొదటి పని శరీర ద్రవాల్లో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి. ఫిస్కే గారితో కలిసి 1925లో ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని దానికి ఆయన పేరే ఉంది.

కాబట్టి తమ్ముళ్లూ, పరిశోధన అంటే ముందు ఒక ప్రశ్న. తర్వాత ఒక కొలత. ఆ తర్వాత ఇంకెవరైనా మళ్లీ చేసి సరిచూసుకునేలా దాన్ని రాసి పెట్టడం. డిగ్రీ చేతికి వచ్చేదాకా ఆగవలసిన పని కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి. 1969లోనే డిగ్రీ విద్యార్థులను ప్రొఫెసర్ల పరిశోధనలో చేర్చుకునే పద్ధతి పెట్టింది. మన దేశంలోనూ ఇప్పుడు అలాంటివి చాలా ఉన్నాయి.

ఎక్కడెక్కడ ఉన్నాయి?

మొదటిది మన సొంత కాలేజీ. ఏ కాలేజీలోనైనా పిహెచ్.డి. చేస్తున్న మాస్టారు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకు కొలతలు తీసేవాళ్లు, ప్రోగ్రాము రాసేవాళ్లు, పట్టికలు నింపేవాళ్లు కావాలి. సాయంత్రం నాలుగు తర్వాత ల్యాబుకు వెళ్లి "సార్, మీ పనిలో నాకు ఏదైనా అప్పగించండి" అని అడగండి. మేము మూడేళ్లు అడగలేదు. అడిగిన తర్వాత తెలిసింది, మాకు ముందు ఎవరూ అడగలేదని.

రెండోది మన చుట్టుపక్కల. తాడేపల్లిగూడెంలో ఎన్.ఐ.టి. ఆంధ్రప్రదేశ్ 2015లో వచ్చింది. కడకట్లలో క్యాంపస్ ఉంది. మన జంగారెడ్డిగూడెంలో పొద్దున బస్సెక్కితే ప్రొఫెసరుతో మాట్లాడి సాయంత్రానికి తిరిగి రావచ్చు. నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008లో మనలాంటి పల్లెటూరి పిల్లల కోసమే పెట్టింది. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉంది. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. జీలుగుమిల్లిలో పొగాకు పరిశోధన కేంద్రం ఉంది. ఇవి వ్యవసాయ సంస్థలు, ఇంజినీరింగ్ వాళ్లకు ఏం పని అనుకోవద్దు. ఆయిల్ పామ్ గెల కోసిన తర్వాత ఒక రోజులోగా మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత తగ్గుతుంది. గెలలను వేగంగా, తక్కువ కష్టంతో ఎలా కోయాలి, ఎలా తరలించాలి అన్నది మెకానికల్ వాళ్ల ప్రశ్నే.

మూడోది ఏటా ప్రకటించే పథకాలు. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగరాజ్‌లలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. ఇంజినీరింగ్ విద్యార్థులూ అర్హులే. మనం ఏం చేయాలనుకుంటున్నామో కొద్ది మాటల్లో రాయాలి, ఒక మాస్టారి సిఫారసు ఉత్తరం కావాలి. ఐ.ఐ.టి. హైదరాబాదు వాళ్లది 'ష్యూర్', కాన్పూరు వాళ్లది 'సర్జ్', గాంధీనగర్ వాళ్లది 'ఎస్.ఆర్.ఐ.పి.', మద్రాసు ఐ.ఐ.టి.ది సమ్మర్ ఫెలోషిప్. కంప్యూటర్ సైన్స్ వాళ్లు ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ (టి.ఐ.ఎఫ్.ఆర్.) పెట్టే విద్యార్థి పథకాన్ని కూడా చూడాలి. ఎన్‌పీటెల్ కోర్సులు ఉచితం. వాటి పరీక్షల్లో బాగా ముందున్నవాళ్లకు ఐ.ఐ.టి.ల్లో ఇంటర్న్‌షిప్ అవకాశం వస్తుంది. పరీక్ష ఫీజులో ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు రాయితీ ఉంది, కుల ధ్రువీకరణ పత్రం జతచేయడం మరవకండి.

నాలుగోది నేరుగా ప్రొఫెసరుకు ఉత్తరం రాయడం. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో తెలుగు భాషను కంప్యూటరుకు నేర్పే పని జరుగుతుంది, భూకంపాలను తట్టుకునే కట్టడాల మీదా పని జరుగుతుంది. ఎన్.ఆర్.ఎస్.సి.లో ఉపగ్రహ చిత్రాల మీద విద్యార్థులతో ప్రాజెక్టులు చేయిస్తారు. పథకం ప్రకటన లేకపోయినా, ప్రొఫెసరు ఒప్పుకుంటే సంస్థ అనుమతితో చేర్చుకునే చోట్లు ఉన్నాయి.

విదేశాలవీ ఉన్నాయి. కెనడా వాళ్ల మిటాక్స్ గ్లోబలింక్, జర్మనీ వాళ్ల డాడ్ వైజ్ పేరున్నవి. వీటిలో మార్కుల నియమాలు, ఏ కాలేజీల వాళ్లు అర్హులు అన్న నియమాలు ఉంటాయి, ఏటా మారుతుంటాయి. ముందు అవి చదివి, తర్వాతే ఆశ పెట్టుకోండి.

మార్కుల సంగతి కూడా చెప్పాలి. ప్రకటించే పథకాల్లో చాలావాటికి మొదటి వడపోత మార్కులతోనే. బ్యాక్‌లాగులు ఉంటే కష్టం. ప్రొఫెసరుకు రాసే ఉత్తరంలో మాత్రం మన పని కూడా మాట్లాడుతుంది.

మేము చేసిన తప్పు

మా మెకానికల్ మిత్రుడు మొదట నలభై మంది ప్రొఫెసర్లకు ఒకే ఉత్తరం పంపాడు. ఇంటర్నెట్ సెంటరులో ఎవరిదో నమూనా దొరికితే దాన్నే కాపీ కొట్టాడు. "మీ పరిశోధన నాకు ఎంతో స్ఫూర్తినిచ్చింది" అని అందరికీ రాశాడు. ఏ పరిశోధన అని అడిగితే ఒక్కటీ చెప్పలేడు. ఒక మేడమ్ గారికి "డియర్ సర్" అని రాశాడు. ఇంకో ఉత్తరంలో అంతకు ముందు ప్రొఫెసరు పేరు మార్చడం మరిచిపోయాడు. నలభైకి ఒక్క జవాబూ రాలేదు. మన కులం, మన కాలేజీ, మన ఊరు చూసి వదిలేశారని ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. అలా జరిగేచోట్లు లేవని మేము అనం. కానీ ఈ నలభై ఉత్తరాలు ఎవరు రాసినా జవాబు రాదు. అది ఒప్పుకోవడానికి మాకు కొన్నాళ్లు పట్టింది.

ఆ సంక్రాంతి సెలవులకు వాడు ఊరు వెళ్లాడు. వాళ్ల నాన్నగారు పొగాకు బ్యారన్ దగ్గర రాత్రిపూట మంట చూసే పని చేస్తారు. మన ప్రాంతంలో బ్యారన్ తెలియనివాళ్లు లేరు. ఆకు పండేదాకా సన్నని వేడి, తర్వాత పెంచుకుంటూ పోయి ఈనె ఎండేటప్పటికి 70 డిగ్రీల దాకా తేవాలి. రోజుల తరబడి కట్టెలు తగలేయాలి. "ఇన్ని కట్టెల వేడి ఎటు పోతోందిరా?" అని నాన్నగారు మామూలుగా అన్న మాట వాడికి పట్టుకుంది. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టే గన్ తెచ్చి గోడకు పెట్టాడు. అది జ్వరం చూసేది, అంత వేడి చూపించదు. సెలవుల తర్వాత కాలేజీ ల్యాబులో మాస్టారిని బతిమాలి గోడల వేడి చూసే థర్మామీటరు తెచ్చుకున్నాడు. మూడు శనివారం రాత్రులు గోడ, తలుపు, పైకప్పు మీద గంట గంటకూ కొలిచి లాంగ్ నోటుబుక్కులో రాశాడు. ఆ బ్యారన్‌లో గోడలకన్నా పైకప్పు దగ్గరే వేడి ఎక్కువ పోతున్నట్టు కనిపించింది. రెండు పేజీలు రాసి, ఆరబెట్టే యంత్రాల మీద పనిచేసే ఆరుగురు ప్రొఫెసర్లను వెతికి, వాళ్ల వ్యాసం ఒక్కొక్కటి చదివి, ఆరు ఉత్తరాలు పంపాడు. ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు ఖాళీ లేదన్నారు. రెండోవారు "ఒకే బ్యారన్ కొలిచావు, గాలి వేగం రాయలేదు, బయటి చలి రాయలేదు. ఇవి లేకుండా ఏం తేల్చగలవు?" అని నిలదీసి, చివర "మే నెలలో రాగలవా?" అని అడిగారు.

ఉత్తరం ఎలా ఉండాలి?

ఉత్తరం ఇంగ్లీషులోనే రాయాలి. కానీ ముందు తెలుగులో రాసుకుని, ఏం చెప్పదలిచామో తేల్చుకుని, తర్వాత ఇంగ్లీషు చేసుకుంటే మేలు. వాడి ఉత్తరం దాదాపు ఇలా ఉంది:

"గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, నేను మెకానికల్ మూడో సంవత్సరం విద్యార్థిని. మా ఊరి పొగాకు బ్యారన్‌లో వేడి ఎక్కడ పోతోందో తెలుసుకోవడానికి మూడు రాత్రులు కొలతలు తీశాను. రెండు పేజీల నివేదిక జతచేశాను. ధాన్యం ఆరబెట్టడం మీద మీ వ్యాసంలో గాలి ప్రభావాన్ని లెక్కించారు. నా కొలతల్లో అది లేదు. దాన్ని ఎలా లెక్కించాలో మీ దగ్గర నేర్చుకోవాలని ఉంది. పరీక్షలు అయ్యాక ఎనిమిది వారాలు రాగలను. స్టైపెండ్, హాస్టల్ వసతి ఉంటాయో లేదో దయచేసి తెలియజేయండి."

అంతే, ఇంతకు మించి అక్కర్లేదు. మన పేదరికం అంతా రాయనక్కర్లేదు. "డబ్బు లేకపోయినా పర్వాలేదు" అని కూడా రాయవద్దు, మనకు పర్వా ఉంది కదా. పది రోజులు చూసి జవాబు లేకపోతే మర్యాదగా ఇంకొక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి. వారానికి రెండు ఉత్తరాలకు మించి రాయలేరు, ఎందుకంటే ఒక్కోదానికి ముందు ఒక వ్యాసం చదవాలి. వ్యాసం మొత్తం అర్థం కానక్కర్లేదు. మొదటి పేజీ, చివరి పేజీ, బొమ్మలు చూసి ఒక మంచి ప్రశ్న పుడితే చాలు.

చూపించడానికి ఏ పనీ లేదంటారా? మన చుట్టూ ప్రశ్నలకు కొదవ లేదు. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత ఏ చెరువు మళ్లీ వచ్చింది, ఏది పోయింది? 2015 నుంచి సెంటినెల్-2 ఉపగ్రహం తీస్తున్న చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. పది మీటర్ల వెడల్పున్న చెరువు గట్టు దాకా ఆనవాలు పట్టవచ్చు. క్యూజిస్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితం. సివిల్ వాళ్లు, కంప్యూటర్ వాళ్లు కలిసి కాలేజీ ల్యాబులో కూర్చుని ఒక ఊరి చెరువులు లెక్కపెట్టి చూపండి. 2024 జూలైలో ఎర్రకాలువ పొంగి పొలాలు మునిగాయి. మీ ఊరిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడల మీది మరకలు చూసి, పెద్దవాళ్లను అడిగి, మ్యాపు మీద గుర్తించండి. మా కంప్యూటర్ సైన్స్ చెల్లెలు ఇలాంటి చిన్న మ్యాపు ఒక్కటి చేసి పట్టుకెళ్లింది. ప్రొఫెసరు గారు అరగంట ఆ మ్యాపు గురించే అడిగారు, మార్కుల మాట తర్వాత వచ్చింది.

ఎప్పుడు ఏం చేయాలి?

రెండో సంవత్సరం నుంచే మొదలుపెట్టండి. దసరా సెలవుల్లోగా ఒక చిన్న పని, రెండు పేజీల రాత సిద్ధం చేసుకోండి. అకాడమీల ఫెలోషిప్పుకు సాధారణంగా సంవత్సరం చివరి నెలల్లోనే దరఖాస్తు చేయాలి. చాలామంది మార్చిలో అడుగుతారు, అప్పటికి గడువు అయిపోతుంది. ఐ.ఐ.టి.ల ప్రకటనలు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా వస్తాయి. ప్రొఫెసర్లకు ఉత్తరాలు సంక్రాంతికి అటూ ఇటూ పంపడం మంచిది. తేదీలు ఏటా మారతాయి గనుక సంస్థ సొంత వెబ్‌సైటులోనే చూసుకోవాలి. మన యూనివర్సిటీ పరీక్షలు ఒక్కోసారి మే చివరిదాకా జరుగుతాయి. ఆ సంగతి ముందే ప్రొఫెసరుకు చెప్పండి. దాచి చివర్లో చెబితే అవకాశం పోతుంది.

మార్కుల జాబితాలు, కాలేజీ నుంచి నిరభ్యంతర పత్రం, బోనఫైడ్, సిఫారసు ఉత్తరం ముందే తీసి పెట్టుకోండి. సిఫారసు ఉత్తరానికి మాస్టారికి రెండు వారాల గడువు ఇవ్వండి. రేపు చివరి రోజు అనగా ఈరోజు అడిగితే ఎంత మంచి మాస్టారైనా విసుక్కుంటారు.

ఒక హెచ్చరిక. ఇప్పుడు ఇంజినీరింగులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కావడంతో డబ్బు కడితే సర్టిఫికెట్ పంపేవాళ్లు తయారయ్యారు. మాలో ఒకరం రెండో సంవత్సరంలో మెస్ డబ్బులు దాచి అలాంటి దానికి కట్టాం. సర్టిఫికెట్ వచ్చింది. తర్వాత ఇంటర్వ్యూలో "ఇందులో మీరు ఏం కొలిచారు?" అని అడిగితే నోట మాట రాలేదు. నిజమైన సంస్థ కూడా ఒక్కోసారి వసతికో ల్యాబుకో రుసుము తీసుకుంటుంది. కాని ఆ మాట వాళ్ల వెబ్‌సైటులో ఉంటుంది, సంస్థ ఖాతాకే కడతాం. ఎవరో వ్యక్తి ఫోన్ నంబరుకు డబ్బు పంపమంటే అది మోసమే.

తిండి, బస, ఇంటి సంగతి

అసలు కష్టం ఇక్కడుంది. వేసవిలో హాస్టల్ మూస్తారు. రెండు నెలలు పనికి వెళితే ఇంటికి నాలుగు రూపాయలు వస్తాయి. "చదువుకునేవాడివి, ఊరు కాని ఊరిలో ఊరికే పని చేసొస్తావా?" అని మా ఇళ్లలోనూ అడిగారు. ఆ ప్రశ్న తప్పు కాదు. చెల్లెళ్ల ఇళ్లలో భయం ఇంకా ఎక్కువ. సంస్థ ఇచ్చిన ఉత్తరం, లేడీస్ హాస్టల్ కేటాయించిన కాగితం అమ్మానాన్నలకు చూపించి, వార్డెన్ అమ్మగారి చేత ఒక మాట చెప్పించండి. మా చెల్లెలి ఇంట్లో అలాగే ఒప్పుకున్నారు. వాళ్ల అమ్మగారు స్వయంగా వెళ్లి గది చూసి వచ్చారు.

మా సివిల్ మిత్రుడి సంగతి కూడా దాచకుండా చెప్పాలి. వాడికి హైదరాబాదులో ఒక ప్రొఫెసరు రమ్మన్నారు. స్టైపెండ్ లేదు, వసతి లేదు. ప్రైవేటు హాస్టల్‌కు అడ్వాన్సు కట్టడానికి డబ్బు పుట్టలేదు. వాడు వెళ్లలేదు. ఆ వేసవి సిమెంటు పనికి వెళ్లాడు. వాడికి తెలివి తక్కువై కాదు, రెండు నెలలు పడుకోవడానికి ఒక చాప చోటు లేక ఆగిపోయాడు.

ల్యాబులో అడుగుపెట్టాక

మొదటి వారం అంతా ఇంగ్లీషులో మాట్లాడుతుంటే మనం నోరు మెదపం. ఫర్వాలేదు. రోజూ ఏం చేశారో తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. కొలత తప్పయితే కొట్టేయకండి, పక్కన "తప్పు, ఎందుకంటే" అని రాయండి. అర్థం కానిది అదే రోజు అడగండి. మా మెకానికల్ మిత్రుడు తెలియని ఒక మాట అడగడానికి సిగ్గుపడి నాలుగు రోజులు తప్పుగా కొలిచాడు. పిహెచ్.డి. విద్యార్థి నవ్వి, "మొదటి రోజే అడిగితే నీకూ నాకూ నాలుగు రోజులు మిగిలేవి" అన్నాడు. వచ్చేటప్పుడు నివేదిక రాసి ఇచ్చి, సిఫారసు ఉత్తరం కోసం అడిగి రండి. ఇప్పుడు వాడు ఎం.టెక్. చదువుతున్నాడు. ఆ రెండు నెలల నివేదికే ఇంటర్వ్యూలో మాట్లాడింది.

అన్నలకు, అక్కలకు ఒక మనవి

మీలో చాలామంది హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలో ఉద్యోగాల్లో ఉన్నారు. కొందరు విదేశాల్లో ఉన్నారు. ఏటా వార్షికోత్సవానికి మీరు పిల్లలకు పుస్తకాలు, దుప్పట్లు ఇస్తున్నారు. అందుకు కృతజ్ఞతలు. ఈసారి ఇంకొకటి అడుగుతున్నాం. మీ ఊరిలో ల్యాబుకు ఎంపికైన మన హాస్టల్ పిల్లవాడికో, పిల్లకో ఎనిమిది వారాలు మీ ఇంట్లో ఒక మూల చోటు ఇవ్వండి. కుదరకపోతే ప్రైవేటు హాస్టల్ అడ్వాన్సు చేబదులుగా ఇవ్వండి. అదీ కుదరకపోతే వాళ్లు రాసిన ఇంగ్లీషు ఉత్తరం ఒకసారి దిద్దిపెట్టండి.

వార్డెన్ గారి గదిలో ఒక లాంగ్ నోటుబుక్కు పెట్టాం. ఎడమ పేజీలో అన్నలు, అక్కలు ఏ ఊరిలో ఏ సాయం చేయగలరో రాయాలి. కుడి పేజీలో తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏ ప్రశ్న మీద పనిచేస్తున్నారో రాయాలి. ఎడమ పేజీ మొదటి వరుసలో మా సివిల్ మిత్రుడే తన పేరు రాశాడు. వాడిప్పుడు హైదరాబాదులో సైట్ ఇంజినీరు, ఒంటిగది అద్దెకు తీసుకున్నాడు. "ఒకరికి చోటుంది, వంట నేను చేస్తాను" అని రాశాడు. కుడి పేజీ ఇంకా ఖాళీగా ఉంది, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ.

– హాస్టల్ పూర్వ విద్యార్థులు, జంగారెడ్డిగూడెం